కారులోని స్టీరియోను మార్చుట



కారు కొన్నవాడు మొదట పూజ చేయించును. పిదప చక్రముల క్రింద నిమ్మకాయలు త్రొక్కించును. ఆ వెనుక అతని చూపు స్టీరియోమీద పడును. కంపెనీవారు అమర్చి యిచ్చిన పెట్టె దాని పాట అది పాడుచునే యుండును గాని, పొరుగువాని కారులో జానెడు తెఱ వెలుగుచుండగా, తలుపులు అదరునట్లు డప్పు వినబడుచుండగా, తనకున్నది తనకు చాలదు. ఈ చాపల్యము నాకును కలిగినది. దాని ఫలమును నేనొక్కడనే గాక మా యింటి పెద్దలును అనుభవించిరి. కావున ఈ సాయంకాలము ఈ విషయమును గూర్చి మీతో మాటలాడుటకు నాకు కొంత యధికారము కలదనుకొనుచున్నాను.

మాది నెల్లూరు జిల్లాలో మైపాడు దారి. ఇందుకూరుపేట దాటి తూర్పునకు పోయిన కొలది వరిచేలు తగ్గి రొయ్యల గుంటలు హెచ్చును. గుంటలలో నీటిని చిలుకు యంత్రముల చప్పుడు రాత్రింబగళ్లు వినబడుచుండును. అది ఆగినచో సముద్రపు హోరు వినబడును. తూర్పుగాలి వీచిన దినమున పెదవి తడుపుకొన్న ఉప్పగా నుండును. ఇనుపగేటుకు ఏటేట రంగు వేయకున్న తుప్పు పొరలు పొరలుగా రాలును. ఈ ఉప్పుగాలి సంగతిని శ్రోతలు మఱువకుందురు గాక. ముందు దానితో పని కలదు.

కారు తయారైన చోటనే అమర్చబడి వచ్చిన పెట్టెను మనవారు కంపెనీ స్టీరియో అందురు. అంగడిలో వేఱుగా కొని బిగించుకొనుదానిని బయటి స్టీరియో అందురు. ఒకదానిని తీసి మఱియొకదానిని పెట్టుట సాధ్యమగుటకు కారణము, పెట్టె ముఖమునకు జర్మనీవారు ఏర్పఱచిన కొలత యొకటి లోకమంతట వ్యాపించియుండుటయే. వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50 మిల్లీమీటర్లు. ఎత్తు ఇబ్బడియైనచో 100 మిల్లీమీటర్లు. తెఱగల పెట్టెలు తఱచుగా ఈ రెండవ జాతివి. ఇటీవలి కార్లలో తెఱను డ్యాష్‌బోర్డుతో కలిపి పోతపోసినట్లు చేయుచుండుటచే, ఆ కారుకే తగిన ఫ్రేము లేనిదే బయటి పెట్టె ఇముడదు.

కారులో రేడియో అను ఊహ పాతది. 1930వ సంవత్సరమున అమెరికాలో పాల్ గాల్విన్ అను నతడు తన కారులో రేడియో నమర్చుకొని షికాగో నుండి అట్లాంటిక్ సిటీకి పోయి, అచట రేడియో తయారీదారుల సభ జరుగుచున్న చోటికి వెలుపల కారు నిలిపి, వచ్చువారికి పోవువారికి వినిపించెను. మోటరోలా యను పేరు అప్పటిదే. వారికి ఆనాడు కలిగిన చిక్కు పాటను రప్పించుటలో గాదు. ఇంజనులోని స్పార్కుప్లగ్గుల చిటచిటలను పాటలోనికి రాకుండ ఆపుటలో. మన మద్రాసులో ఆకాశవాణి కేంద్రము 1938 జూను 16వ తేదీన ప్రారంభమైనది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన. 1963లో ఫిలిప్సువారి క్యాసెట్టు వచ్చెను, 1982లో సీడీ వచ్చెను, తరువాత సెల్లుఫోనే పాటల బీరువా యయ్యెను. పెట్టె యెంత మాఱినను దానికి పోవు తీగల పని మాత్రము పెద్దగా మాఱలేదు. అంగడికి పోవువాడు పెట్టెను చూచును, తీగలను చూడడు. నేనును చూడలేదు.

2022వ సంవత్సరమున నేనొక సెకండుహ్యాండు కారు కొంటిని. అందు కంపెనీ స్టీరియో యుండెను. మధ్యతరంగములు, ఎఫ్.ఎమ్., సీడీ - ఇంతియే దాని విద్య. దానిని తీయించి తెఱగల పెట్టెను పెట్టింతునని మా నాయనతో ననగా ఆయన, "పాటలకేందిలే అబ్బయా, వార్తలు వస్తయ్యా దాంట్లో?" అని యడిగెను. నేను నవ్వితిని. వార్తలకు సెల్లుఫోను లేదా యని నా తలంపు. మా నాయనకు రేడియో అనగా పాట గాదు. 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటిన పెనుతుపాను నాడు, పొలముగట్టుమీది పాకలో ట్రాన్సిస్టరును చెవి కానించుకొని కూర్చున్నవాడాయన. ఈ తీరమున పెద్దవారు తమ వయస్సును తుపానులతో లెక్కించుకొందురు.

ఒక పట్టణములో ఒక యంగడికి పోయితిని. పని నలువది నిమిషములలో ముగిసెను. కుఱ్ఱవాడు డ్యాష్‌బోర్డు విప్పి, పాత పెట్టె వెనుక నున్న కప్లరును పటకారుతో తెగగోసి, తీగల కొసలను పండ్లతో చీల్చి, క్రొత్త పెట్టె తీగలతో మెలిపెట్టి, నల్లటేపు చుట్టెను. తెఱ వెలిగెను. నేను మురిసిపోయితిని. అతని చేతివేగమును మెచ్చుకొని పైన నూఱు రూపాయలిచ్చితిని. ఆ నూఱు రూపాయల సంగతి తలచుకొన్నప్పుడెల్ల ఇప్పటికిని సిగ్గగుచున్నది.

నాలుగవనాటి ఉదయమున కారు స్టార్టు కాలేదు. బ్యాటరీ అడుగంటినది. కారణము చెప్పెదను. బయటి స్టీరియోలకు సాధారణముగా రెండు విద్యుత్తు తీగలుండును. పసుపుపచ్చ తీగ బ్యాటరీనుండి ఎల్లప్పుడును విద్యుత్తు పొందుచుండవలసినది. గడియారమును, మనము కుదుర్చుకొన్న స్టేషనులను పెట్టె మఱచిపోకుండుట దానివలననే. ఎఱ్ఱతీగ తాళపుచెవి త్రిప్పినప్పుడు మాత్రమే విద్యుత్తు పొందవలెను. అది పెట్టెకు మేలుకొమ్మని, నిద్రించుమని చెప్పు తీగ. ఈ రెండింటిని కలిపి ఒకేచోట ముడివేసినచో పెట్టె యెన్నడును పూర్తిగా నిద్రింపదు. చిన్నకారు బ్యాటరీ 35 ఆంపియరు-గంటలదైనచో, ఒక్క ఆంపియరు చొప్పున కాఱినను ఒకటిన్నర దినములో ఖాళీ యగును. అందులో సగమైనను మూడు దినములు. తీగలను తారుమారుగా కలిపినచో వేఱొక వింత: కారు ఆపిన ప్రతిసారియు పెట్టె సమస్తమును మఱచిపోవును.

అది సరిచేయించుకొంటిని. మఱుసటి వానకాలమున ఎడమవైపు స్పీకర్లు చిటచిటలాడనారంభించినవి. టేపు విప్పిచూడగా రాగితీగ రాగిరంగున లేదు. ఆకుపచ్చగా చిలుము పట్టియున్నది. వంటింట రాగిచెంబును చింతపండుతో తోమువారికి చిలుము తెలియును. ఉప్పుగాలిలోని ఉప్పు తీగలపై సన్నని పొరగా పేరుకొని, గాలిలోని తేమను తనలోనికి లాగుకొనును. ఆ తడిలో రాగి క్రమక్రమముగా తినివేయబడును. మెలిపెట్టిన ముడిలో తీగపోగు తీగపోగును బిగువుగా తాకకుండుటచే నడుమ సందు లుండును. చిలుము అందు ప్రవేశించి విద్యుత్తునకు అడ్డము నిలుచును. అడ్డమున్నచోట వేడి పుట్టును. ఎంత వేడి యనగా, ప్రవాహమును ప్రవాహముతోనే గుణించి అడ్డముతో మరల గుణించినంత. ఒక ఓములో పదియవవంతు అడ్డము చాల స్వల్పముగా కనబడును. కాని దానిగుండ 10 ఆంపియర్లు పోయినచో ఆ చిన్న ముడిలో 10 వాట్ల వేడి పుట్టును. మాటువేయు కడ్డీ సామాన్యముగా 25 వాట్లది. అనగా డ్యాష్‌బోర్డు చాటున, ప్లాస్టిక్కు నడుమ, దూది నడుమ, ఒక మాటుకడ్డీ అరవేడితో కాలుచుండునన్నమాట.

ఇక 2023 డిసెంబరు నాటి మాట. మిచౌంగ్ తుపాను మన తీరమునకు దాపుగా ఉత్తరమునకు సాగుచుండెను. 4వ తేదీ రాత్రి మాకు కరెంటు పోయినది. కొంతసేపటికి సెల్లుఫోనులో గీతలు నశించినవి. తుపాను మనవద్దనే తీరము దాటునా, ముందునకు సాగునా? అమ్మను తీసికొని నెల్లూరు పోవలెనా, చీకటిలో కాలువ దారిని నమ్మకుండ ఇంటనే యుండవలెనా? ఈ నిర్ణయమునకు ఒక్క వార్త కావలసియుండెను. నాయనయు నేనును కారులో కూర్చుంటిమి. తెఱ దీపావళివలె వెలిగినది. అందు మధ్యతరంగముల మాటయే లేదు. ఎఫ్.ఎమ్. పెట్టగా చివరినుండి చివరివరకు ఇసుక చెఱిగిన చప్పుడు తప్ప మఱేమియు లేదు. కంపెనీ స్టీరియోలో చక్కగా వినబడిన స్టేషనులే అవి. నాయన ఏమియు అనక, గోనెసంచి తలపై కప్పుకొని, పాత ట్రాన్సిస్టరు గల పొరుగింటికి గుంటల గట్టున నడచిపోయెను. నేను వెంట పరుగెత్తులోపలనే జారిపడెను. ముంజేతి ఎముక విఱిగినది. విఱిగిన చేతితోనే పోయి వార్త విని వచ్చెను: తుపాను బాపట్ల వైపునకు సాగుచున్నదని. అది మఱునాడు, 5వ తేదీన, బాపట్ల సమీపముననే తీరము దాటినది. మేము ఇల్లు కదలలేదు. తెల్లవాఱిన పిదప ఆయనను నెల్లూరు తీసికొనిపోయి కట్టు కట్టించితిని. దారిలో ఆయన నా తెఱవంక చూచి, "దాంట్లో వార్తలు వస్తయ్యా అని నేను ముందే అడగలా?" అనెను. అంతకుమించి నేటివరకు ఒక్కమాట యనలేదు.

చేతికట్టు విప్పిన వారమున నెల్లూరిలోనే ఒక వృద్ధుడైన ఆటో ఎలక్ట్రీషియనును ఆశ్రయించితిని. ఆయన డ్యాష్‌బోర్డు విప్పి, కండ్లద్దములు సవరించుకొని, "ఎవరు సామీ ఇట్ట కోసింది?" అని నన్నే దోషిగా చూచెను. పిదప మూడు సంగతులు చూపెను.

మొదటిది ఏరియలు. నా కారు పైకప్పుమీది ఏరియలు పొట్టిది. పొట్టి ఏరియలు పట్టు సంకేతము బలహీనము. కావున దాని మొదట చిన్న బూస్టరు నుంచుదురు. ఆ బూస్టరునకు విద్యుత్తు కావలెను. కంపెనీ స్టీరియో దానిని తానే పంపుచుండెను. బయటి స్టీరియోలో ఆ పనికి నీలపు తీగ యొకటి ఉండును. అంగడి కుఱ్ఱవాడు దానిని దేనికిని కలుపక, చుట్టచుట్టి టేపు క్రింద దాచెను. నగరములో ప్రసారస్తంభము దాపున నున్నచో ఈ లోపము తెలియదు, సముద్రపుటొడ్డున తెలియును. తుపాను రాత్రి మేము విన్న ఇసుక చప్పుడునకు కారణము ఈ జానెడు తీగయే. దానిని కలుపుటకు ఆయనకు అయిదు నిమిషములు పట్టెను.

రెండవది ఫ్యూజు. పెట్టె వెనుక ఫ్యూజు ఉండవలసిన తావున రాగిపోగు మెలిపెట్టి యుండెను. ఒకప్పుడు ఫ్యూజు పోయి యుండును. అంగడిలో వేఱొకటి లేకపోయి యుండును. ఫ్యూజు స్టీరియోను కాపాడుట కున్నదని చాలమంది అనుకొందురు. అది కాపాడునది తీగను. తీగ తాళగలిగినదానికంటె ఎక్కువ ప్రవాహము పోవునప్పుడు తీగ కాలకముందే తాను కాలిపోవుట దాని ధర్మము. రాగిపోగు కాలదు; కారు కాలును. ముడిలో చిలుము, పైన ఫ్యూజు లేమి - ఈ రెండును కలిసి ఒక సంవత్సరము మా అమ్మ ముందు సీటులో కూర్చుండి తిరుపతికి వెళ్లివచ్చినది. ఇది తెలిసిననాడు నాకు అన్నము సహింపలేదు.

మూడవది నేలతీగ, అనగా నల్లనిది. దానిని రంగుపూసిన ఒక మరకు చుట్టి వదలిరి. రంగు విద్యుత్తును రానీయదు. నేలతీగ సరిగా కుదరకున్న ఇంజను వేగముతోపాటు హెచ్చి తగ్గు ఈల స్పీకర్లలో వినబడును. 1930లో గాల్విన్ పడిన బాధ యిదియే మఱియొక రూపమున. ఇనుమును మెఱయునట్లు గీకి, బిగించి, పైన గ్రీజు పూయవలెను.

ఆయన చేసిన మరమ్మతు విధమును చెప్పెదను, మీకు పనికివచ్చును. మొదట బ్యాటరీ నల్లతీగను విప్పి కొంతసేపు ఆగెను. ఎయిర్‌బ్యాగులు గల కార్లలో పసుపుపచ్చ కప్లర్లుండును. వానిజోలికి పోరాదు, టెస్టులైటు అసలే తాకింపరాదు. తరువాత నా కారు జాతికి తగిన కప్లరు జత తెప్పించెను. దాని ఒక కొస కారు కప్లరులో కూర్చుండును, రెండవ కొస క్రొత్త పెట్టె తీగలతో కలియును. దీని వెల కొన్ని వందల రూపాయలు మాత్రమే. మొదటిరోజుననే దీనిని కొనియున్నచో కారు తీగను ఒక్కదానినైనను కోయనవసరము లేకుండెడిది. వారంటీ గల కారైనచో దాని విషయమున తగవు వచ్చు అవకాశమును తగ్గును. తెగిన కొసలకు లోహపు లగ్గులు తొడిగి తగిన పటకారుతో అదిమి, లోపల జిగురుగల గొట్టము నెక్కించి వేడిగాలి చూపెను. గొట్టము ముడుచుకొని తీగను కరచిపట్టెను. ఇక ఉప్పుగాలికి త్రోవ లేదు. మాటు వేయవచ్చును గదా యని యడిగితిని. మాటు మంచిదే గాని, కుదుపులలో మాటు ముగిసిన చోటనే తీగ విఱుగునని ఆయన యనుభవము.

నేను సిగ్గువిడిచి ఇంకొక సందేహ మడిగితిని. అట్టపెట్టెమీద '50 వాట్లు, నాలుగు స్పీకర్లకు' అని యున్నది. అంత ధ్వని యెందుకు రాదు? ఆయన కాగితముపై లెక్క వేయలేదు గాని, నేను ఇంటికి వచ్చి వేసితిని. ఇంజను తిరుగుచుండగా కారు విద్యుత్పీడనము 14.4 వోల్టులు. స్పీకరు అడ్డము 4 ఓములు. 14.4ను దానితోనే గుణించి 4తో భాగించిన 52 వచ్చును. అట్టపెట్టెమీది 50 ఇచ్చటినుండి వచ్చినది. కాని పాట యొక తరంగము. ఎల్లప్పుడును శిఖరముననే నిలువదు. శుద్ధమైన తరంగమునకు అందులో సగమే, అనగా 26. యంత్రములో పోవునది పోగా మిగులునది 20కి లోపు. అబద్ధమనజాలము, నిజమనియు ననజాలము.

ఇంకను పెద్ద ధ్వని కావలెనన్నవారు వేఱుగా ఆంప్లిఫయరు పెట్టుదురు. 500 వాట్లు నిజముగా ఇచ్చుదానికి, నూటికి ఎనుబది పాళ్లు సామర్థ్యమున్నను, 45 ఆంపియర్లు కావలెను. దీనికి చిటికెనవ్రేలి లావు తీగ బ్యాటరీనుండి నేరుగా రావలెను. ఆ తీగకు ఫ్యూజు బ్యాటరీకి మూరెడు దూరములోపలనే యుండవలెను. ఇంజను గది గోడ దాటుచోట రబ్బరు వలయ ముండవలెను. లేనిచో ఇనుపరేకు అంచు తీగ తోలును ఒలుచును. ఆ తర్వాతి మాట చెప్పనక్కఱలేదు. తలుపులలో స్పీకరు మార్చువారు లోపలి ప్లాస్టిక్కు పొరను చింపి వదలుదురు. ఆ పొర వాననీటిని తలుపు అడుగునకు జార్చుట కున్నది. అది లేక మా పక్క యూరి కారులో స్పీకర్ల కాగితపు శంకువులు ఒక్క వానకాలములో అప్పడములవలె మెత్తబడినవి. సముద్రతీరమువారు పాలీప్రొపిలీను శంకువులే అడుగవలెను.

మధ్యతరంగముల మాట మిగిలినది. ఎఫ్.ఎమ్. తరంగములు చూపు మేరనే పోవును. మధ్యతరంగములు నేలవెంట, అందును ఉప్పునీటివెంట, బహుదూరము ప్రాకును. తీరమున వాని విలువ అదియే. తెఱగల బయటి పెట్టెలు పెక్కింటిలో ఆ భాగము నుంచుట లేదు, ఉన్నను నామమాత్రము. మఱి మన దేశమున మారుతీ సుజుకీ, హ్యుందాయ్ మొదలగు కంపెనీల కొన్ని కార్లలో డీ.ఆర్.ఎమ్. అను డిజిటల్ రేడియో కంపెనీ స్టీరియోలోనే యిమిడి వచ్చుచున్నది. ఆపద సూచన వెలువడినప్పుడు పెట్టె తానై ఆ ప్రసారమునకు మాఱు ఏర్పాటును ఆ పద్ధతిలో కలదు. తన కారులో అది యున్నదని యెఱుగక దానిని తీయించి, తెఱను పెట్టించుకొన్నవారిని నేనెఱుగుదును. ఊడబీకకముందు మెనూలో ఒక్కసారి చూచుకొనుడు. స్టీరింగుమీది బటన్లు, వెనుక కెమేరా, కొన్ని కార్లలో సీటుబెల్టు గంట సయితము ఆ పెట్టెతో ముడిపడి యుండును, అవియు చూచుకొనుడు.

నా పాత కంపెనీ స్టీరియోను అంగడివాడు తూకమునకు అడుగగా ఈయక తెచ్చుకొంటిని. నేను చేసిన మంచిపని అదియొక్కటే. కొన్ని కంపెనీ పెట్టెలు విద్యుత్తు తెగినచో మరల రహస్యసంఖ్య చెప్పినగాని పలుకవు. నాది అట్టి పట్టుదల గలది గాదు. కొసలు తెగిన దానికి ఆ వృద్ధుడే క్రొత్త లగ్గులు వేసి, తగిన ఫ్యూజు పెట్టి యిచ్చెను. ఇప్పుడది గుంటల గట్టుమీది పాకలో, ఒక పాత ట్రాక్టరు బ్యాటరీపైన, రెండు మూరల తీగను ఏరియలుగా తాటివాసమునకు వ్రేలాడదీసికొని యున్నది. సాయంకాలము నాయన అచటికి పోయి, మీట త్రిప్పి, వార్తలు వినును. చెయ్యి పూర్తిగా తిరుగదు గావున మీటను ఎడమచేతితో త్రిప్పును.